కరెంటు బిల్లు, గ్యాస్ ఖర్చు తగ్గించుకోవడం: ఏది ముందు చేయాలి, ఏది వదిలేయాలి

"లైట్లు ఆపేస్తున్నాం, టీవీ ఆపేస్తున్నాం, అయినా బిల్లు తగ్గట్లేదు." ఎండాకాలం వచ్చిందంటే ఈ మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. పొదుపు చేయడం లేదని కాదు, చేయాల్సిన చోట చేయడం లేదు. హాల్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజూ ఐదు గంటలు వెలిగినా నెలకి యూనిటున్నర కూడా కాదు. బెడ్‌రూమ్ ఏసీ ఒక్క రాత్రిలో అంతకు రెండు మూడింతలు తాగేస్తుంది. బల్బు కోసం పిల్లల్ని కేకలేసి, ఏసీని 18లో పెట్టుకుని పడుకుంటే లెక్క ఎక్కడ కలుస్తుంది?

అందుకే కింద చెప్పిన వరస ముఖ్యం. ముందు బిల్లు, తర్వాత కొలత, ఆ తర్వాతే మార్పులు. కొత్త వస్తువులు కొనడం అన్నిటికంటే చివర.

1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత 12 నెలల కరెంటు బిల్లులు. కాగితాలు పోయినా ఫర్వాలేదు, మీ డిస్కం (కరెంటు సరఫరా చేసే సంస్థ) యాప్‌లోగానీ వెబ్‌సైట్‌లోగానీ సర్వీస్ నంబర్ కొడితే పాత బిల్లులు కనిపిస్తాయి.
- గత మూడు నాలుగు గ్యాస్ బండలు పెట్టిన తేదీలు. రాసిపెట్టుకోకపోతే ఇవాళ్టి నుంచి వంటింట్లో ఉన్న తెలుగు క్యాలెండర్ మీదే రాయండి. పాల లెక్క పక్కనే బండ లెక్క.
- సెకన్ల ముల్లున్న గడియారం, లేదా ఫోన్.

పాత బిల్లుల్లో రూపాయల్ని చూడకండి, యూనిట్లు చూడండి. సర్దుబాటు ఛార్జీల పేరుతో బిల్లులో వచ్చే కొన్ని వరసలు పాత నెలల వాడకం మీద వేసేవి. ఈ నెల మీరు నిజంగానే తగ్గించినా వాటివల్ల రూపాయలు పెరిగినట్టు కనిపించి నిరుత్సాహం వస్తుంది. యూనిట్లు మాత్రం అబద్ధం చెప్పవు.

2. మీ స్లాబ్ ఎక్కడుందో కనుక్కోండి

స్లాబ్ అంటే వాడిన యూనిట్లని బట్టి రేటు మారే మెట్టు. బిల్లు తగ్గడమనేది సగం ఇక్కడే తేలుతుంది. తెలంగాణలో ఒక రకం, ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో రకం.

తెలంగాణలో. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన ఇళ్ల టారిఫ్ ప్రకారం నెలకి 100 యూనిట్ల లోపు వాడితే మొదటి 50కి యూనిట్ 1.95 రూపాయలు, తర్వాతి 50కి 3.10. 100 దాటి 200 లోపు అయితే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80. 200 దాటితే మొదటి 200 యూనిట్లకీ 5.10 చొప్పున, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9, 800 దాకా 9.50.

ఇప్పుడు లెక్క చూడండి. సరిగ్గా 200 యూనిట్లు కాలితే ఎనర్జీ ఛార్జీ 340 + 480 = 820 రూపాయలు. 201 కాలితే మొదటి 200కి 1,020, మిగిలిన ఒక్కదానికి 7.70, మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కి 207 రూపాయల తేడా! 100 దగ్గరా ఇలాంటి గీతే ఉంది: 100కి 252.50, 101కి 344.80. 200 యూనిట్ల దాకా బిల్లు లేకుండా ఇచ్చే గృహజ్యోతి పథకం కింద ఉన్న కుటుంబాలకి 200 గీత ఇంకా గట్టిది. దాటితే పైన కాలినదానికే కాదు, మొత్తం బిల్లూ కట్టాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లో. ఇక్కడ అంత పెద్ద గెంతు లేదు. ఎంత వాడినా మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. గీత దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు పడుతుంది. అంటే 250 యూనిట్లు వాడే ఇల్లు 25 తగ్గించుకుంటే ఒక్కోదానికి 8.75 చొప్పున మిగులుతుంది. సగటు రేటుతో లెక్కేసుకుని "ఎంతలే" అనుకోవద్దు. మీరు తగ్గించే యూనిట్ ఎప్పుడూ అన్నిటికంటే ఖరీదైన చివరి యూనిటే.

రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ తాజా బిల్లుతో ఒకసారి సరిచూసుకోండి. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం వీటికి అదనం.

చేయాల్సిన పని ఇదీ: రీడింగ్ తీసిన రోజు మీటర్ అంకె రాసుకోండి. ప్రతి పది రోజులకీ మళ్లీ చూడండి. తెలంగాణలో పది రోజులకి 65 యూనిట్లు దాటుతున్నాయంటే నెలకి 200 దాటే దారిలో ఉన్నట్టే. ఇరవయ్యో రోజున సంగతి తెలిస్తే ఏదో ఒకటి చేయొచ్చు, బిల్లు చేతికొచ్చాక చేసేదేమీ లేదు. బిల్లు మీద పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ కూడా చూడండి. రోజులు నెల కంటే బాగా ఎక్కువైతే, స్లాబు లెక్క ఎలా వేశారో సెక్షన్ ఆఫీసులో అడగండి, లేదా 1912కి ఫోన్ చేయండి.

3. మీటర్‌తోనే ఇంటిని పరీక్షించండి

పరికరాలేవీ కొననక్కర్లేదు. డిజిటల్ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. చాలా మీటర్ల మీద అది 3200.

మొదటి పరీక్ష: ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి, ఫ్రిజ్, ఇన్వర్టర్, సెట్‌టాప్ బాక్స్, వైఫై ప్లగ్గులు తీసేయండి. ఐదు నిమిషాలు మీటర్ దగ్గర నిలబడండి. లైటు ఇంకా మిణుకుతుంటే మీరు మర్చిపోయిన వస్తువు ఏదో ఉంది, లేదా వైరింగ్‌లో లీకేజీ ఉంది, లేదా మీ మీటర్ నుంచి ఇంకెవరికో కరెంటు వెళ్తోంది. అపార్ట్‌మెంట్లలో మెట్ల లైటో, మోటారో ఒక ఫ్లాట్ మీటర్‌కి కలిసిపోయి ఉండటం అరుదేమీ కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒక్కో ఫ్యూజ్ తీసి చూపించమనండి.

రెండో పరీక్ష: అన్నీ ఆపేసే ఉంచి, 2000 వాట్ల గీజర్ ఒక్కటే వేయండి. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి, వేడెక్కితే అదే ఆగిపోతుంది. 3200 మీటర్ అయితే నిమిషానికి సుమారు 107 సార్లు మిణకాలి. లెక్కపెట్టడం కష్టమనుకుంటే ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా ఆడించి చూడండి. వోల్టేజీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. తేడా మరీ ఎక్కువైతే మీటర్ పరీక్షించమని డిస్కంకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి రుసుము ఉంటుంది కాబట్టి ఈ రెండు పరీక్షలూ అయ్యాకే పెట్టండి.

4. కరెంటు: ఎక్కువ తాగేవాటి నుంచి మొదలుపెట్టండి

ఏసీ. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ వాడకం సుమారు 6 శాతం తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా రావాలని నిబంధన. 26 లేదా 27లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ తక్కువ స్పీడులో వేయండి. గాలి తగిలితే అదే చల్లదనం ఉంటుంది. 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందనేది మామూలు (ఇన్వర్టర్ రకం కాని) ఏసీ విషయంలో ఉత్త భ్రమ. కంప్రెసర్ ఒకే బలంతో పనిచేస్తుంది, కాకపోతే ఆగాల్సిన చోట ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఫిల్టర్‌ని ఎండాకాలంలో రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి బిగించండి. తలుపు కింద సందుకి గుడ్డ చుట్ట పెట్టండి. పడమటి కిటికీకి మధ్యాహ్నం రెండు నుంచే మందపాటి కర్టెన్ వేసేయండి. పై అంతస్తులో ఉంటున్నవాళ్లకి అసలు శత్రువు ఎండకి కాలే పైకప్పే. డాబా మీద తెల్ల సున్నంగానీ, ఎండని తిప్పికొట్టే తెల్ల రంగుగానీ మార్చిలోపే వేయించుకోండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఈ కారణంతోనే.

కొత్తది కొంటుంటే నక్షత్రాలు చూసి ఊరుకోకండి, లేబుల్ మీద ఏడాది యూనిట్ల అంకె చూడండి. ఏసీకి ఆ అంకె ఏడాదికి 1600 గంటల వాడకం మీద వేసింది. 1600తో భాగిస్తే గంటకి ఎంతో తెలుస్తుంది. 800 యూనిట్లని ఉంటే గంటకి అర యూనిట్. మన నలభై డిగ్రీల ఎండల్లో అంతకంటే ఎక్కువే అవుతుంది గానీ, రెండు మోడళ్లని పోల్చుకోవడానికి ఈ లెక్క చాలు. స్టార్ ప్రమాణాల్ని అప్పుడప్పుడూ కఠినం చేస్తుంటారు. షాపులో పాత స్టాకు ఐదు నక్షత్రాలు, కొత్త ఐదు నక్షత్రాలు ఒకటి కాదు. లేబుల్ మీద ఏ కాలానికి చెల్లుతుందో కూడా చదవండి.

ఫ్యాన్లు. ఇవి ఎవరికీ గుర్తుకురాని ఖర్చు. మామూలు ఫ్యాన్ సుమారు 75 వాట్లు. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 34 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది, నెలకి పదమూడు పద్నాలుగు యూనిట్లతో సరిపోతుంది. ఒక్క ఫ్యాన్‌కి 20 యూనిట్లు మిగిలినట్టు. 210, 220 యూనిట్ల దగ్గర ఆగిపోతున్న తెలంగాణ ఇంటికి ఈ ఇరవై చాలు, 200 గీత లోపలికి రావడానికి. అన్ని ఫ్యాన్లూ ఒకేసారి మార్చేయకండి. ఎక్కువ గంటలు తిరిగేది ఏదో చూసి అది మార్చండి. చుట్టాలొస్తే వేసే గదిలోది అలాగే ఉండనివ్వండి. పెద్ద పెట్టెలా ఉండి వేడెక్కే పాత రెగ్యులేటర్ ఉంటే మాత్రం తీసేసి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టించండి. పాతది స్పీడు తగ్గించినా ఆ కరెంటులో కొంత వేడిగా పారబోస్తుంది.

గీజర్. 15 లీటర్ల నీళ్లు స్నానానికి సరిపడా వేడెక్కడానికి సుమారు అర యూనిట్, పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. అందరూ వరసగా స్నానం చేసేలా చూసుకుని, అయిపోగానే స్విచ్ ఆపేయండి. థర్మోస్టాట్ తిప్పే వీలుంటే 50 డిగ్రీల దగ్గర ఉంచండి. బోరు నీళ్లున్న ఇళ్లలో కాయిల్‌కి తెల్లగా సున్నం పేరుకుంటుంది, ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించాలి.

ఫ్రిజ్. వెనక గోడకీ దానికీ జానెడు దూరం ఉండాలి, పొయ్యి పక్కన ఉండకూడదు. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు మార్పించాలి. వేడి కూర నేరుగా పెట్టొద్దు.

మోటారు. ఒక హెచ్‌పీ మోటారు గంటకి దాదాపు ఒక యూనిట్. ట్యాంకు నిండి పొర్లిపోయే ప్రతి పది నిమిషాలూ దండగే, ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. అంతకుముందు అరగంటలో నిండే ట్యాంకు ఇప్పుడు గంట తీసుకుంటుంటే ఫుట్‌వాల్వ్ లీకవుతోందేమో, బోరులో నీళ్లు తగ్గాయేమో చూపించండి.

వాషింగ్ మెషీన్ నిండుగా వేయడం, బట్టలన్నీ ఒకేసారి ఇస్త్రీ చేయడం, రైస్ కుక్కర్ "వార్మ్"లో వదిలేయకపోవడం, ఇవి మీకు తెలిసినవే.

5. గ్యాస్: బండ ఇంటికొచ్చిన క్షణం నుంచే

బండ దింపగానే మూడు చూడాలి.

- సీల్ సరిగా ఉందా.
- బరువు. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది. అది 15.8 కిలోలైతే దానికి 14.2 కిలోల గ్యాస్ కలిపి 30 కిలోలు తూగాలి. తూచి చూపించమని డెలివరీ అబ్బాయిని అడిగే హక్కు మీకుంది. మొహమాటపడకండి.
- పరీక్ష గడువు. బండ పైభాగంలో కడ్డీ లోపలివైపు ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటాయి. ఏ అంటే జనవరి–మార్చి, బీ ఏప్రిల్–జూన్, అలా. ఏ-27 అంటే 2027 మార్చి దాకా. గడువు దాటినదైతే తీసుకోవద్దు.

బిల్లు మీద ఉన్న ధరలోనే ఇంటికి తెచ్చిచ్చే ఖర్చు కలిసి ఉంటుంది. పైన అడిగితే ఇవ్వనక్కర్లేదు. రాయితీ రావాల్సినవాళ్లు, అంటే ఉజ్వల కనెక్షన్లు, తెలంగాణలో 500 రూపాయల సిలిండర్, ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఉన్నవాళ్లు, ఈకేవైసీ పూర్తయిందో లేదో ఏజెన్సీలో కనుక్కోండి. డబ్బులు ఏ బ్యాంకు ఖాతాలో పడుతున్నాయో ఒకసారి చూసుకోండి. ఆధార్‌కి కలిసిన పాత ఖాతాలో పడుతుంటే "రాలేదు" అనుకునేవాళ్లు చాలామంది.

పొయ్యి. మంట నీలంగా ఉండాలి. పసుపు, నారింజ రంగు కనిపించినా, గిన్నె అడుగున మసి పట్టినా గ్యాస్ సరిగా కాలట్లేదని అర్థం. బర్నర్ చల్లారాక తీసి వేడినీళ్లు, సబ్బుతో కడిగి, రంధ్రాలు సూదితో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక పెట్టండి. తడిగా పెడితే మళ్లీ పసుపు మంటే వస్తుంది. అప్పటికీ మారకపోతే లోపలి జెట్ మెకానిక్ పని, మీరు ముట్టుకోవద్దు. బండ చివరికొచ్చినప్పుడు మంట రంగు మారడం మాత్రం మామూలే.

వంట. మంట గిన్నె అడుగు దాటి పక్కల నుంచి పైకి పాకుతోందంటే వంటిల్లు వేడెక్కుతోంది, కూర కాదు. చిన్న గిన్నెకి చిన్న బర్నర్ వాడండి. మూత పెట్టండి. కూరగాయలు తరిగి, పోపు గింజలు తీసి, అన్నీ పక్కన పెట్టుకున్నాకే పొయ్యి వెలిగించండి. ఫ్రిజ్‌లో పాలు, పిండి వంటకి కాస్త ముందే బయట పెట్టండి.

పప్పు దగ్గర చాలా గ్యాస్ మిగుల్చుకోవచ్చు. కందిపప్పు అరగంట నానబెట్టండి. శనగలు, ఉలవలు, రాజ్మా రాత్రే నానబెట్టాలి. చింతపండు, టమాటా ముందే వేస్తే పులుపుకి పప్పు ఉడకదు, ఉడికాకే వేయండి. బోరు నీళ్లలోనూ పప్పు మొండికేస్తుంది, ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్లు దానికి కేటాయించడం దండగేమీ కాదు. కుక్కర్‌లో మొదటి విజిల్ దాకా పెద్ద మంట, రాగానే సిమ్. అక్కడి నుంచి విజిళ్లు కాదు, నిమిషాలు లెక్కపెట్టండి. నానిన కందిపప్పుకి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు చాలు. ప్రతి విజిలూ మీరు కొనుక్కున్న వేడి ఆవిరై బయటికి పోవడమే. ఆపేశాక వెయిట్ లేపి ఆవిరి వదలకండి, ఆ లోపలి వేడికే మిగతాది ఉడుకుతుంది. కింద గిన్నెలో పప్పు, పై గిన్నెలో అన్నం, నీళ్లలో రెండు బంగాళదుంపలు పెడితే ఒకే మంటకి మూడూ అవుతాయి.

టీ మూడుసార్లు పెట్టే ఇంట్లో ఒక ఫ్లాస్క్ ఉంటే మంచిది. ఇడ్లీలు వాయి వాయికీ పొయ్యి ఆపకుండా వరసగా వేసేయండి.

6. గ్యాసా, ఇండక్షనా?

దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. మీ స్లాబే చెబుతుంది. 14.2 కిలోల గ్యాస్ మామూలు పొయ్యి మీద చేసే పని ఇండక్షన్ మీద చేయడానికి సుమారు 135 యూనిట్లు కావాలి. కాబట్టి మీరు కట్టే బండ ధరని 135తో భాగించండి. 900 అయితే 6.67 వస్తుంది. మీ చివరి స్లాబు రేటు దీనికంటే తక్కువైతే ఇండక్షన్ లాభం, ఎక్కువైతే గ్యాస్.

తెలంగాణలో 200 దాటినవాళ్లకి చివరి యూనిట్ 7.70 కాబట్టి గ్యాసే మేలు. 120 యూనిట్లు వాడేవాళ్లకి 4.80 కాబట్టి ఇండక్షన్ మేలు, కానీ 200 దాటిపోకుండా చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 6 రూపాయల స్లాబులో దాదాపు సమానం, కొంచెం ఇండక్షన్ వైపు మొగ్గు. 8.75కి వెళ్లాక వద్దు. రాయితీ బండ 500కే వస్తుంటే 3.70 అవుతుంది, అప్పుడు ఇండక్షన్ ఆలోచనే అక్కర్లేదు.

7. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

*ఒకే మీటర్‌పై మూడు పోర్షన్లు.* అందరి యూనిట్లూ కలిసి పెద్ద స్లాబులోకి వెళ్తాయి, అద్దెకున్నవాళ్లు కూడా ఆ రేటే కడతారు. విడి వంటిల్లు, విడి కాపురం ఉన్న పోర్షన్‌కి విడి మీటర్‌కి దరఖాస్తు పెట్టండి. ఒకే కుటుంబం స్లాబు తప్పించుకోవడానికి రెండు మీటర్లు పెట్టుకుంటే మాత్రం తనిఖీలో రెండూ కలిపేస్తారు.

*బిల్లు తగ్గించే డబ్బా.* ప్లగ్‌లో పెడితే కరెంటు సగం ఆదా అంటూ అమ్మే చిన్న పెట్టెలు ఇళ్లకి పనికిరావు. మన మీటర్ లెక్కపెట్టే యూనిట్లని అవి తగ్గించవు. మీటర్‌తో ఆటలాడే ఉపాయాలు ఎవరైనా చెబితే అది విద్యుత్ చట్టం 2003 కింద దొంగతనం, కేసు అవుతుంది.

*బిల్లు మీద వేరే కేటగిరీ.* కింద ఒకప్పుడు కొట్టు ఉండి ఇప్పుడు కాపురమే ఉంటున్నా వాణిజ్య కేటగిరీ అలాగే ఉండిపోతుంది. బిల్లు మీద ఇళ్లకి వేసే కేటగిరీ 1 ఉందో లేదో చూసి, లేకపోతే మార్పుకి దరఖాస్తు పెట్టండి.

*ముందే సోలార్.* పీఎం సూర్యఘర్ కింద ఒక కిలోవాట్‌కి 30,000, రెండింటికి 60,000, మూడు ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కి రోజుకి సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. మంచి పథకమే. అయితే పైన చెప్పినవి చేసి వాడకం తగ్గించాకే ఎన్ని కిలోవాట్లో తేల్చుకోండి, మూడు అనుకున్నది రెండుతో సరిపోవచ్చు. నెలకి 100 లోపు వాడే ఇంటికి తొందరేమీ లేదు.

8. క్యాలెండర్ పక్కన అతికించుకోవడానికి

ప్రతి నెలా:
- రీడింగ్ రోజు మీటర్ అంకె, ఆపైన పది రోజులకోసారి.
- బిల్లు గడువు తేదీలోపు కట్టడం, ఆలస్య రుసుము పడకుండా.
- బర్నర్ మంట రంగు.
- ఎండాకాలంలో ఏసీ ఫిల్టర్, రెండుసార్లు.

కొత్త బండ పెట్టినప్పుడల్లా:
- తేదీ, పాతది ఎన్ని రోజులు వచ్చింది.
- రెగ్యులేటర్ చోట సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమో చూడటం. అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడొద్దు. వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, స్విచ్చులేవీ ముట్టుకోకుండా కిటికీలు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

ఏడాదికోసారి:
- గ్యాస్ పైపు మీద తేదీ. ఐదేళ్లు దాటితే, పగుళ్లు కనిపించకపోయినా మార్చేయాలి.
- గీజర్ కాయిల్, ఫ్రిజ్ తలుపు రబ్బరు, మోటారు ఫుట్‌వాల్వ్.
- మార్చి మొదటివారంలో ఏసీ సర్వీసింగ్, ఏప్రిల్‌లో అయితే మెకానిక్ దొరకడు.